అక్క ఎడమ పాదం

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటాయి. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఒక పేజీ నింపాలంటే రెండు ఆదివారాలు పడుతుంది. నా నడకే అంత, చదివేవాళ్లు కొంచెం సర్దుకోవాలి.

అక్క అంటే నా తోబుట్టువు కాదు, తోటికోడలు. మా ఆయనా వాళ్లాయనా అన్నదమ్ములు. రెండేళ్ల తేడాతో ఇద్దరూ పోయారు. అప్పటినుంచి మేమిద్దరం రెండు గదుల ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నాం. పని కూడా ఒకే చోట, ఒక పెద్ద హోటల్ లాండ్రీలో. అక్కది తడి వైపు. మిషన్లలోంచి దుప్పట్లు లాగి ట్రాలీలో వేసి ఆరబెట్టే మిషన్ల దాకా తోసుకెళ్లాలి. కింద ఎప్పుడూ చీలమండ దాకా కాకపోయినా వేళ్లు తడిసేంత నీళ్లు నిలిచే ఉంటాయి. నాది పొడి వైపు, ఇస్త్రీ, మడతలు. ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ చేసీ చేసీ నా వేళ్ల చివర్లు కొబ్బరి చిప్పల్లా అయిపోయాయి. మరిగే టీ గ్లాసును గుడ్డ లేకుండా పట్టుకుంటాను.

లాండ్రీలో అక్కను ఎక్స్‌ప్రెస్ అంటారు. ట్రాలీ తోసుకుంటూ వస్తుంటే మగవాళ్లు కూడా గోడకు అతుక్కుని దారి ఇచ్చేవారు. నన్ను గూడ్సు బండి అంటారు. పెద్ద దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. అప్పుడు అక్క తడి వైపు నుంచి వచ్చి చేయి వేసేది. చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా నడిచి కలుసుకోవాలి. నేను రెండడుగులు వేసేలోపు అక్క మిగతా దూరమంతా నడిచి వచ్చి నా చేతిలో కొసలు పెట్టేసేది.

"ఏమే, నువ్వు బయల్దేరావా, ఇంకా స్టేషన్లోనే ఉన్నావా?" అనేది.

అక్కకు పదకొండేళ్లుగా షుగరు. మాత్ర వేసుకునేది, తీపి తినేది, మళ్లీ మాత్ర వేసుకునేది.

నిరుడు చలికాలం సెలవులు మొదలవడానికి వారం ముందు ఒక నర్సమ్మ లాండ్రీకి వచ్చింది. సెలవుల రోజుల్లో హోటల్ కిక్కిరిసిపోతుంది. గదికి ఇద్దరు ఉండాల్సిన చోట పిల్లా జెల్లాతో ఐదుగురు దిగుతారు. మామూలు రోజుల్లో మూడు వందల దుప్పట్లు వస్తే అప్పుడు ఏడు వందలు వస్తాయి. పన్నెండు గంటలు నిలబడాలి. షుగరు ఉన్నవాళ్ల కాళ్లు ఈ రోజుల్లోనే పాడవుతాయని ఆ నర్సమ్మ ఊరంతా తిరిగి, నిలబడి పని చేసేవాళ్ల పాదాలు చూస్తోందట. షుగరు ఉన్నవాళ్లను స్టోరు గదిలో వరసగా కూర్చోబెట్టింది. అక్క వెనకే నేనూ వెళ్లి నిలబడ్డాను. ఆమె దగ్గర పెన్ను లాంటి పుల్లకు చివర సన్నటి నైలాన్ దారం ఉంది.

"కళ్లు మూసుకోండమ్మా. దారం తగిలినప్పుడల్లా 'ఆ' అనండి," అంది.

కుడి పాదం మీద పది చోట్ల తాకిస్తే అక్క ఆరుసార్లు 'ఆ' అంది. తర్వాత నర్సమ్మ ఎడమ పాదం తీసుకుంది. బొటనవేలు, మడమ, అరికాలు, అన్ని చోట్లా దారం వంగేదాకా గుచ్చింది. అక్క కళ్లు మూసుకుని బుద్ధిగా కూర్చుంది. చివరికి విసుగొచ్చి ఒక కన్ను తెరిచింది.

"ఏమ్మా, ఈ కాలు ఎప్పుడు మొదలుపెడతావు? అవతల నా మిషన్ ఆగిపోయి ఉంటుంది."

"అయిపోయిందమ్మా," అంది నర్సమ్మ.

వరసలో ఉన్నవాళ్లు కొందరు నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. ఎడమ కాలు మొద్దుబారిందని, ఇక కాలికి ఏమైనా కాలు చెప్పదని, కళ్లతోనే చూసుకోవాలని వివరంగా చెప్పింది. ఒక కాగితం తీసింది. ఒక వైపు పాదం బొమ్మ, రెండో వైపు పెద్ద అక్షరాల్లో జాగ్రత్తలు.

"ఇంట్లో చదివి చెప్పేవాళ్లు ఉన్నారా?"

"లేకేం!" అంది అక్క. నా జబ్బ పట్టుకుని ముందుకు లాగింది. "ఇదిగో, మా చెల్లి. పెద్దవాళ్ల బడికి పోతోంది. మూడో పుస్తకంలో ఉంది."

నర్సమ్మ కాగితాన్ని అక్కకు కాకుండా నా చేతికి ఇచ్చింది. నా పుట్టుకలో ఒక మనిషి నా చేతికి చదవమని కాగితం ఇవ్వడం అదే మొదలు. అప్పటిదాకా నా చేతికి వచ్చిన కాగితాలన్నీ వేలిముద్ర వేయమని వచ్చినవే.

ఆ సాయంత్రం దీపం కింద కూర్చుని చదివాను. అక్క ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. పాదాలు రోజూ చూసుకోవాలి. వేళ్ల మధ్య తడి లేకుండా తుడుచుకోవాలి. చెప్పులు లేకుండా నడవకూడదు. బూటు తొడిగే ముందు లోపల చేయి పెట్టి చూడాలి. గోళ్లు మూలలు తవ్వకుండా అడ్డంగా కత్తిరించాలి. ప్రతి వాక్యానికీ అక్క "ఊ" కొడుతోంది. సగం పేజీ అయ్యేసరికి నాకు గొంతు ఎండిపోయింది, కళ్లు నీళ్లు కారుతున్నాయి. అయినా ఆపలేదు. రాను రాను వేగం వచ్చినట్టు అనిపించింది. అట్టడుగు వాక్యం ఇలా చదివాను.

"చలిగా ఉన్నప్పుడు... పాదాలను... వేడి నీళ్లలో... పెట్టవచ్చు."

"అద్దీ!" అంది అక్క తొడ మీద చరిచి. "ఇప్పుడు చెప్పింది అసలు మాట. మిగతావన్నీ చిన్నపిల్లలకు చెప్పేవి."

బడిలో మేడం ఎప్పుడూ తిట్టేది, అక్షరం చూసి చదువు, ఊహించి చదవకు అని. మాట సగం దాకా చూసి మిగతా సగం నోటికి వచ్చినట్టు పూర్తి చేసే అలవాటు నాది. మా బడిలో అందరిదీ అదే అలవాటు. ఆ రాత 'పెట్టవద్దు.' చ కింద చ, ద కింద ద. కొత్తగా చదివేవాళ్ల కంటికి ఆ రెండూ ఒక తల్లి పిల్లల్లా కనిపిస్తాయి. పైన ఉన్నవన్నీ 'కూడదు' అని రాసినవాళ్లు ఆ ఒక్క చోట 'వద్దు' అని ఎందుకు రాశారో నాకు తెలియదు. వాళ్లను అని ఏం లాభం? చదివింది నేను.

మర్నాటి నుంచి పని దిగి రాగానే నేను నీళ్లు కాచేదాన్ని. బేసినులో పోసి వేలు ముంచి చూసేదాన్ని. నా వేళ్లకు అది వేడిలా అనిపించేది కాదు. అక్క ఎడమ కాలు పెట్టి, "ఏమే, ఇవి నీళ్లా, మంచా? ఇంకాస్త పొయ్యి," అనేది. ఇంకాస్త పోసేదాన్ని. కుడికాలు పెట్టబోయి "అబ్బా" అని తీసేసేది. "ఈ కాలు ఒట్టి గారాబం. ఎడమదే బంగారం, ఏమీ అనదు," అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. రోజంతా తడిలో నిలబడి వచ్చిన మనిషికి ఒక సుఖం అమర్చి పెడుతున్నానని నా సంబరం. పైగా కాగితంలో ఉన్నదే చేస్తున్నాను.

ఆరో రోజు సాయంత్రం తువ్వాలుతో ఆమె పాదం తుడుస్తుంటే ఏదో జారినట్టయింది. తువ్వాలు విప్పి చూశాను. బొటనవేలి దగ్గర నుంచి అరికాలి మధ్య దాకా చర్మం పొరగా తువ్వాలుకు అంటుకుని వచ్చేసింది. కింద పచ్చి మాంసం.

"అక్కా!"

"ఏమైందే?"

"కాలు చూడు."

వంగి చూసుకుంది. కాసేపు ఎవరి కాలో చూస్తున్నట్టు చూసింది. తర్వాత వేలితో దాని మీద నొక్కింది.

"నొప్పి లేదే," అంది. "నిజంగా. ఇసుమంత కూడా లేదు. తడి బూట్ల వల్ల ఊడి ఉంటుంది."

మర్నాడు పొద్దున్నే నర్సమ్మ చెప్పిన క్లినిక్‌కు పోయాను. తలుపుకు తాళం. పక్కన కాగితం అంటించి ఉంది. అది మాత్రం తప్పు లేకుండా చదివాను, మూడుసార్లు చదివాను. సెలవుల వల్ల పది రోజులు మూసివేయబడును. నర్సమ్మ ఫోన్ నంబరు ఉంది, చేస్తే ఎవరూ ఎత్తలేదు. మందుల షాపతను తెల్లటి మలాము ఇచ్చాడు. "నొప్పి ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. "నొప్పి లేకపోతే ఫరవాలేదు," అన్నాడు.

అక్కను పని మానమని బతిమాలాను. సూపర్‌వైజరు దగ్గరికీ వెళ్లాను. చెడ్డవాడు కాదు, అతని కళ్ల కింద కూడా నలుపు దిగి ఉంది.

"పిన్నీ, ఈ పది రోజులు నా ప్రాణం మీదికి తేకండి. ఆవిడ లేకపోతే తడి వైపు ఆగిపోతుంది. ఆవిడే వచ్చి సెలవడిగితే ఇస్తాను."

ఆవిడ అడగదు. "నొప్పే లేనిదానికి సెలవేంటే? జనం నవ్వుతారు," అంది. పుండుకు గుడ్డ కట్టుకుని, దాని మీద మేజోడు, దాని మీద ప్లాస్టిక్ సంచి, దాని మీద రబ్బరు బూటు తొడుక్కుని మిషన్ దగ్గరికి పోయింది. వెనక నుంచి చూస్తే ఎప్పటిలాగే ఎక్స్‌ప్రెస్. ఆ కాలు నొప్పి పెట్టి ఉంటే ఆమె ఆగేది. కుంటేది, ఏడ్చేది, నన్ను తిట్టేది. ఆ కాలేమీ అనలేదు కాబట్టి ఎవరమూ ఆపలేకపోయాం.

ఆ సాయంత్రం పుండుకు ఏం చేయాలో ఉంటుందేమోనని కాగితం మళ్లీ తీశాను. ఈసారి భయంతో చదివాను కాబట్టి అక్షరం అక్షరం చూశాను. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా వేలు 'ద' మీద ఆగింది. దాని కిందా 'ద'నే. చాలాసేపు వేలు తీయలేదు. తీస్తే అక్షరం మారుతుందేమోనన్న పిచ్చి ఆశ ఒకటి.

అక్క గదిలోంచి కేకేసింది. "నీళ్లు కాగాయా?"

"ఇవాళ్టి నుంచి వేడి నీళ్లు మానేద్దాం అక్కా."

"ఎందుకు? కాగితంలో పెట్టవచ్చు అని ఉందిగా?"

"పుండు ఉన్నప్పుడు కాదట," అన్నాను.

అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఆ రెండింటికీ మధ్యలో దూరాను. చెప్పాలని నోరు తెరిచాను. ఆమె అప్పటికే పక్కింటావిడతో కిటికీలోంచి అంటోంది, "మా చెల్లికి ఆ కాగితం మొత్తం కంఠతా వచ్చేసింది. ఈ వయసులో, ఊహించు!" నోరు మూసేసుకున్నాను.

నాలుగో రోజుకి గదిలో ఒక వాసన మొదలైంది. ఐదో రోజున దుప్పటి మడత పెడుతుంటే నేను రెండడుగులు వేసి, మూడు వేసి, నాలుగు వేసినా అక్క ఇంకా అవతలి కొస దగ్గరే నిలబడి ఉంది. ముఖం ఎర్రగా ఉంది. చేయి పట్టుకుంటే కాలిపోతోంది. సూపర్‌వైజరే బండి మాట్లాడి ఆసుపత్రికి పంపాడు. బండిలో ఎక్కేటప్పుడు అక్క అతనితో, "రేపటి దుప్పట్లు ఎల్లుండికి ఆపకు. నేను వస్తాను," అంది.

ఆసుపత్రిలో సెలవులు. పెద్ద డాక్టర్లు లేరు. డ్యూటీలో ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు, పాపం అన్ని వార్డులకూ అతనే. గుడ్డ విప్పి చూసి ముక్కు మూసుకోలేదు, అందుకు అతనికి దండం పెట్టాలి. వేళ్లు మూడు నల్లబడిపోయాయి.

"ఇది కాలిన గాయమమ్మా. ఎక్కడ కాలింది?"

"కాల్లేదు బాబూ," అంది అక్క. "రోజూ వేడి నీళ్లలో పెట్టుకున్నాను, అంతే. పెట్టుకోమని మీ కాగితంలోనే ఉంది. మా చెల్లి చదివి చెప్పింది."

అతను నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

రెండు రోజులు మందులు ఎక్కించారు. నలుపు ఆగలేదు. ఎక్కడో సెలవులో ఉన్న సర్జన్‌ను ఫోన్లో బతిమాలి రప్పించారు. ముందు భాగం తీసేస్తే మడమ దక్కుతుందని, ఇంకా ఆలస్యం చేస్తే మోకాలి కింద దాకా పోతుందని చెప్పారు. ఒక కాగితం తెచ్చి అక్క ముందు పెట్టారు. వేలిముద్ర వేయాలి.

"మా చెల్లి చదవాలి," అంది అక్క. "అది చదివి చెబితేనే వేస్తాను."

"నేనే చదువుతానమ్మా," అన్నాడు కుర్ర డాక్టరు.

"మీరు గబగబా చదివేస్తారు. నాకు అర్థం కాదు. దానిది మెల్లగా ఉంటుంది."

కాగితం తీసుకున్నాను. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. 'ఎడమ పాదం' దాకా వచ్చి ఆగిపోయాను.

"అక్కా, నేను చదవను. నేను తప్పు చదివాను. ఆ రోజు తప్పు చదివాను. అందులో పెట్టవద్దు అని ఉంది. నేను పెట్టవచ్చు అన్నాను. నీ కాలు కాల్చింది నేనే."

అక్క నన్ను చూసింది. జ్వరంతో కళ్లు మెరుస్తున్నాయి.

"నోర్ముయ్యి," అంది. "వాళ్లు తప్పు రాసి ఉంటారు."

"లేదక్కా. ఇదిగో కాగితం. డాక్టరుగారూ, మీరు చూడండి."

సంచిలోంచి తీసి ఇచ్చాను. అతను చదివాడు. "వద్దు అనే ఉందమ్మా," అన్నాడు మెల్లగా.

"ఆయన అలాగే అంటాడు. ఆయనా వాళ్ల మనిషే కదా," అంది అక్క నాతో, అతను అక్కడ లేనట్టు. "నాలుగేళ్లు బడికి పోయావు. వానలో పోయావు. ఎండలో పోయావు. నీకు చ, ద తేడా తెలియదా? ఎవరు తప్పు చేసినా నీ నెత్తిన వేసుకోవడం నీకు మొదటి నుంచీ రోగమే. ఊ, చదువు. మిషన్ దగ్గరికి పోవాలి నేను."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఎవరికీ చెప్పలేక వారం రోజులు మోసిన మాట చెప్పేశాక కూడా అది నా దగ్గరే ఉండిపోయింది. ఆమె తీసుకోలేదు.

చదివాను. ఎడమ పాదం ముందు భాగం తొలగించుటకు సమ్మతిస్తున్నాను. ఆ 'తొలగించుటకు' దగ్గర ఎంతసేపు ఆగానో తెలియదు. అక్క ఓపికగా ఎదురు చూసింది, నన్ను తొందర పెట్టలేదు. ఆమె నన్ను తొందర పెట్టకపోవడం అదే మొదటిసారి.

"అంటే తీసేయడమా?"

"అవునక్కా."

బొటనవేలు సిరాలో ముంచి, నేను చూపించిన చోట ముద్ర వేసింది.

ఇప్పుడు ఏడాది దాటింది. మళ్లీ సెలవులు వచ్చాయి. లాండ్రీకి నేనొక్కదాన్నే పోతున్నాను. తడి వైపు ఒక కొత్త అమ్మాయి వచ్చింది. అక్క ఇంట్లో ఉంటుంది. ఎడమ పాదానికి ముందు దూది కూరిన ప్రత్యేకమైన బూటు ఇచ్చారు. కర్ర పట్టుకుని వంటింటి దాకా, మెట్ల గుమ్మం దాకా నడుస్తుంది. పొద్దున్నా సాయంత్రం ఆమె కుడిపాదం ఒళ్లో పెట్టుకుని దీపం కింద చూస్తాను. వేళ్ల మధ్య తుడుస్తాను. ఆరు చోట్ల 'ఆ' అన్న కాలు అది. ఈ మధ్య నర్సమ్మ చూసినప్పుడు రెండు చోట్లే అంది.

"చలేస్తోందే," అంటుంది అక్క. "కాసిని వేడి నీళ్లు పెట్టవే. ఈ కాలిది కూడా గారాబం పోయింది, మంచిదైంది."

"వద్దు అక్కా. కాగితంలో వద్దు అని ఉంది."

"అది తప్పు కాగితం. నువ్వు మొదట చదివిందే సరైంది."

మొన్న పని నుంచి వచ్చేసరికి బేసిను తడిగా ఉంది. తువ్వాలు తీగ మీద ఆరేసి ఉంది.

"గోరువెచ్చనే పోసుకున్నాను," అంది నా ముఖం చూసి.

"గోరువెచ్చన అని నీకెలా తెలిసింది?"

"కాలు పెట్టి చూశాను."

చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని ఆ పాదం పట్టుకుని చూశాను. ఎర్రబడలేదు, పొక్కలేదు. అది ఆ ఒక్క రోజు మాట. బేసిను పక్కింట్లో దాచాను. అక్క బకెట్టు వాడింది. కెటిల్ పనికి పోయేటప్పుడు నాతోపాటు సంచిలో వేసుకుపోతున్నాను. లాండ్రీలో అందరూ నవ్వుతున్నారు. పొయ్యిని సంచిలో వేసుకుపోలేను కదా.

రాసింది గూడ్సు బండి. వయసు అరవై మూడు. ఉంటున్నది హోటల్ వెనక వీధిలో, సైకిళ్ల షాపు మేడ మీద, ఎడమ చేతి వైపు రెండు గదులు. అక్కతో.